బంపర్‌కు కట్టిన తాడు కారును ఆపదు

సంపాదకులు గారికి,

నమస్కారం. మీ పత్రిక జిల్లా సంచికలో ఇటీవల, సినిమా షూటింగు కోసం ఒక తెల్ల అంబాసిడర్ కారును ట్రైలర్ మీద తరలిస్తున్న ఫోటో ప్రచురించారు. కింద ఇచ్చిన వ్యాఖ్య ఆ కారు మెరుపు గురించీ, దాన్ని చూసి జనం పొందిన ఆనందం గురించీ చక్కగానే చెప్పింది. నా చూపు మాత్రం ముందు బంపర్‌కు రెండు చుట్లు చుట్టి ట్రైలర్ కొక్కేనికి ముడివేసిన నీలం రంగు నైలాన్ తాడు దగ్గర ఆగిపోయింది. వెనక చక్రాల ముందు చెరొక ఇటుక తప్ప ఆ కారును పట్టి ఉంచేది ఇంకేదీ ఫోటోలో కనిపించలేదు. నా ఉద్యోగమంతా ఆర్టీసీ డిపో గ్యారేజీలో గడిచింది. పదవీ విరమణ తరువాత పాత కార్లు బాగుచేసే ఒక షెడ్డుకు వెళ్లివస్తూ ఉంటాను కనుక, అక్కడికి ఈ విధంగా వచ్చి దిగే బండ్లను చూస్తూనే ఉన్నాను. ఈ విషయమై నాలుగు మాటలు పాఠకుల దృష్టికి తేవాలని ఈ లేఖ రాస్తున్నాను.

పాత కార్లను ఇలా మోసుకెళ్లడం మునుపటికంటే పెరిగింది. ఉత్తరపారా కర్మాగారంలో 2014లో అంబాసిడర్ తయారీ ఆగిపోయింది, ప్రీమియర్ పద్మిని కారు అంతకు చాలా ముందే ఆగింది. ఇప్పుడు వాటిని కొనేవారు రోజూ తిరగడానికి కాక ముచ్చటకొద్దీ, పెళ్లిళ్లకో షూటింగులకో అద్దెకివ్వడానికో కొంటున్నారు. యాభై ఏళ్లు దాటిన బండ్లకు 2021లో కేంద్ర ప్రభుత్వం ప్రత్యేక రిజిస్ట్రేషన్ విధానం తెచ్చింది. నంబరులో ‘వీఏ’ అనే అక్షరాలు ఉండే ఈ రిజిస్ట్రేషన్‌కు కొత్తగా అయితే రూ. 20,000, మళ్లీ చేయించుకుంటే రూ. 5,000 రుసుము. ఆ నంబరు ఉన్న బండిని ప్రదర్శనకో, ర్యాలీకో, సాంకేతిక పరిశోధనకో, పెట్రోలు పోయించడానికో, మరమ్మతుకో తప్ప మామూలు రాకపోకలకు రోడ్డు మీద నడపకూడదు. ఇక ఏ గోదాములోనో పదేళ్లు పడి ఉండి, కాగితాలు లేక, బీమా లేక, ఇంజను తిరగక కొత్త యజమాని చేతికి వచ్చే బండికి రోడ్డు మీద నడిచే హక్కూ లేదు, శక్తీ లేదు. దాన్ని మోసుకుని తీరాలి. కాబట్టి ఆ మోసే పని సరిగ్గా ఎలా చేయాలన్నది కొద్దిమంది ధనవంతుల సరదాకు సంబంధించిన విషయమని కొట్టిపారేయడానికి వీల్లేదు. ట్రైలర్ వెనకే మోటారుసైకిల్ మీద వచ్చేవాడికి ఆ కారు పాతదా కొత్తదా అన్నదానితో పని లేదు, అది జారకుండా ఉండటమే కావాలి.

మన దగ్గర డ్రైవర్లను అడిగితే వచ్చే మొదటి సమాధానం ఒకటే: “గేరులో పెట్టాం, హ్యాండ్ బ్రేక్ లాగాం, ఎక్కడికి పోతుందండీ?” ఈ మాటలోని లోపాన్ని కొంచెం వివరంగా చెప్పాలి. అంబాసిడర్, పద్మిని రెండూ వెనక చక్రాలతో నడిచే బండ్లు. హ్యాండ్ బ్రేక్ పట్టేది వెనక చక్రాల డ్రమ్ములనే. గేరులో ఉంచినప్పుడు ఇంజను బిగపట్టేదీ ఆ వెనక చక్రాలనే. అంటే మన డ్రైవరు రెండు కాపలాలు పెట్టాననుకుంటున్నాడు కానీ, ఆ రెండూ ఒకే గుమ్మం దగ్గర నిలబడ్డాయి. ముందు చక్రాలు రెండూ స్వేచ్ఛగా దొర్లుతూనే ఉంటాయి. పైగా లారీ గట్టిగా బ్రేకు వేసినప్పుడు కారు బరువు ముందుకు ఒరుగుతుంది. వెనక చక్రాల మీది భారం తేలికపడుతుంది. సరిగ్గా పట్టు అవసరమైన క్షణంలోనే ఆ చక్రాలు ఇనుప రేకు మీద పట్టు కోల్పోతాయి. వాన నీరో, ఇంజను ఆయిలో ఆ రేకు మీద ఉంటే ఇక చెప్పనక్కరలేదు. గేరూ, హ్యాండ్ బ్రేకూ ఉండాలి, కాదనను. అవి కట్టుకు తోడుగా ఉండేవే తప్ప, కట్టు చేయవలసిన పనిని అవి చేయలేవు.

సరుకు కట్టడానికి అమెరికాలోనూ ఐరోపాలోనూ లెక్క కట్టే పద్ధతి ఉంది. ముందుకు జారకుండా ఆపడానికి సరుకు బరువులో 80 శాతానికి సమానమైన బలాన్నీ, పక్కలకూ వెనక్కీ జారకుండా 50 శాతానికి సమానమైన బలాన్నీ కట్టు తట్టుకోవాలని అక్కడి నిబంధనలు చెబుతాయి. అంబాసిడర్ బరువు 1,100 కిలోల పైచిలుకు. ఆ లెక్కన ముందుకు దూకే బలం ఇంచుమించు 880 కిలోలు. దీన్ని ఆపవలసినవి కారును వెనక్కి లాగిపట్టే కట్లు, అంటే వెనక వైపు కట్టినవి. మనవాళ్లు చేసేది దీనికి తలకిందులుగా ఉంటుంది. ముందు వైపు వించి (కారును ట్రైలర్ మీదికి లాగే చుట్టుడు యంత్రం) కేబులు తగిలించి ఉంటుంది కనుక, దాన్ని అలాగే బిగించి, ఇంకో తాడు కూడా ముందే వేసి, వెనక ఏదో నామమాత్రంగా కడతారు. ఎత్తు ఎక్కేటప్పుడు బండి వెనక్కి జారిపోతుందన్న భయం కంటికి కనిపించే భయం కాబట్టి కాబోలు. ఎక్కువ బలం వచ్చేది ఎత్తు మీద కాదు, బ్రేకు మీద. వెనక కట్టే రెండు బెల్టులూ 45 డిగ్రీల వాలులో ఉన్నాయనుకుంటే, ఒక్కొక్క బెల్టు లాగుడులో సుమారు 70 శాతమే ముందుకు పోకుండా ఆపడానికి పనికొస్తుంది. ఆ లెక్కన ఒక్కో బెల్టు 620 కిలోలకు పైగా భరించాలి. బెల్టు 60 డిగ్రీలకు నిలువుగా నిలబడితే సగమే పనికొస్తుంది. అందుకే కొక్కేలు మరీ చక్రం పక్కనే కాకుండా కొంచెం ఎడంగా ఉండాలి. నైలాన్ తాడు మంచిదే అనుకున్నా, ముడి పడిన చోట దాని బలం సగం దాకా తగ్గుతుంది, లాగిన కొద్దీ సాగుతుంది, తడిస్తే ఇంకా సాగుతుంది.

ఇంతకంటే ముఖ్యమైనదీ, మన దగ్గర దాదాపు ఎవరూ పట్టించుకోనిదీ ఇంకొకటి ఉంది. కారులో స్ప్రింగుల మీద తేలే భాగం ఒకటి, స్ప్రింగుల కింద నేలను అంటిపెట్టుకుని ఉండే భాగం ఒకటి. బాడీ, బంపర్, ఇంజను మొదటి రకం. చక్రాలు, వెనక యాక్సిల్ రెండో రకం. తాడును బాడీకో బంపర్‌కో కట్టి బిగించారనుకోండి. స్పీడు బ్రేకర్ మీద లారీ ఎగిరిపడగానే కారు బాడీ తన కమాన్ల మీద, అంటే ఆ స్ప్రింగుల మీద, ఇంకొంత కిందికి అణుగుతుంది. ఆ క్షణంలో తాడు వదులవుతుంది. వదులైన తాడు కొక్కెం జారి పక్కకు తప్పుకోవచ్చు. తప్పుకోకపోయినా, మరుక్షణం కమాన్లు బాడీని పైకి తోస్తాయి, తాడు ఒక్కసారిగా బిర్రబిగుస్తుంది. ఈ జెర్కు నిలకడగా లాగే బలానికి రెట్టింపు ఉంటుంది, ఒక్కోసారి అంతకు మించీ ఉంటుంది. హైదరాబాదు నుంచి విజయవాడ వచ్చేలోపు ఇది ఎన్ని వందలసార్లు జరుగుతుందో ఆలోచించండి. ముడి వదులు కావడానికీ, బంపర్ బ్రాకెట్ వంగడానికీ, తుప్పు పట్టిన బోల్టు తెగడానికీ ఇంతకంటే కారణం అక్కరలేదు. బయలుదేరినప్పుడు తీగలా మోగిన తాడు దారిలో చేతికి వేలాడుతూ తగలడం చూసి డ్రైవర్లు తాడును తిడతారు. తాడు తప్పు చేయలేదు, దాన్ని కట్టిన చోటు తప్పు.

కొందరు అనుభవజ్ఞులైన డ్రైవర్లు దీనికి ఒక విరుగుడు చెబుతారు: కమాన్లు పూర్తిగా అణిగిపోయేదాకా బాడీని కిందికి లాగి బిగిస్తే ఇక ఊగడానికి చోటే ఉండదు కదా అని. నిజమే, ఊగడం తగ్గుతుంది. ఊరి లోపల ఐదారు కిలోమీటర్ల దూరానికి, గట్టి ఛాసిస్ ఉన్న జీపుకైతే నేను అభ్యంతరం చెప్పను. అంబాసిడర్‌కు విడిగా ఛాసిస్ లేదు, బాడీయే ఛాసిస్. యాభై ఏళ్ల తుప్పు ఆ బాడీ అడుగు రేకుల్లోనే, సరిగ్గా కొక్కెం తగిలించే మూలల్లోనే చేరి ఉంటుంది. దాన్ని వందల కిలోమీటర్లు అలా లాగిపట్టి ఉంచితే చిరిగేది ఆ రేకే. బయటికి రంగు చెక్కుచెదరదు, యజమాని సంతోషంగా దించుకుంటాడు, ఆరు నెలల తరువాత తలుపు సరిగా పడటం లేదని షెడ్డుకు వస్తాడు.

అందుకే చక్రాలను కట్టాలి. చక్రం ట్రైలర్ బల్లకు అతుక్కుని ఉంటే, బాడీ తన కమాన్ల మీద తాను రోడ్డు మీద ఊగినట్టే ఊగుతుంది, బెల్టు బిగువు మాత్రం మారదు. టైరు మీదుగా వేసే ప్రత్యేకమైన బెల్టులు మన పెద్ద ఊళ్లలోనూ ఆన్‌లైన్‌లోనూ దొరుకుతున్నాయి. జారకుండా రబ్బరు దిమ్మలు ఉండే ఈ బెల్టును టైరుకు ఒక పక్క బల్లకు తగిలించి, టైరు నడినెత్తి మీదుగా తెచ్చి, రెండో పక్క, జారకుండా పళ్లతో పట్టే బిగింపు అయిన రాచెట్‌తో బిగిస్తారు. కొత్త కార్లను డీలర్లకు చేర్చే పెద్ద క్యారియర్లలో చక్రాలనే పట్టడం మామూలు పద్ధతి. ఇలా కట్టినప్పుడు కారు బాడీ ఊగుతుంది కనుక ముందు గోడకూ, పక్క రెయిలింగుకూ తగలకుండా జానెడు చోటు వదలాలి. చక్రాల ముందూ వెనకా ఇటుకలకు బదులు, బల్లకు మేకులో బోల్టులో వేసి కదలకుండా చేసిన చెక్క ఆపులు పెట్టాలి. విడిగా పెట్టిన ఇటుక మొదటి కుదుపుకే పక్కకు జరుగుతుంది, రెండో కుదుపుకు రోడ్డు మీద పడుతుంది.

అంబాసిడర్ విషయంలో ఒక చిక్కు ఉంది. దాని వెనక మడ్‌గార్డు టైరు పై భాగాన్ని కప్పేస్తుంది, టైరు మీదుగా బెల్టు పోనివ్వడం కష్టం. అక్కడ వెనక యాక్సిల్ గొట్టానికి కట్టుకోవచ్చు. కమాను కూర్చునే చోటుకూ మధ్యలోని గుండ్రటి డిఫరెన్షియల్‌కూ నడుమ, మందపాటి గుడ్డ తొడుగు ఉన్న చిన్న బెల్టును యాక్సిల్ చుట్టూ వేసి, దాని కళ్లలో రాచెట్ బెల్టు కొక్కెం తగిలించాలి. అయితే ఆ గొట్టం వెంబడే బ్రేకు పైపు సన్నగా పాకుతూ పోతుంది. టార్చిలైటు వేసి, వేలితో తడిమి, బెల్టు కింద అది నలగడం లేదని చూసుకున్నాకే బిగించాలి. ఎడమ, కుడి బెల్టులను ఒకదానికొకటి అడ్డంగా దాటించి కడితే పక్కలకు జరగడం కూడా ఆగుతుంది. ముందు వైపు టైరు బెల్టు వేయడమే మేలు. ముందు చక్రాల దగ్గర కింద చేతికి అందే సన్నటి కడ్డీలన్నీ కొక్కెం కోసమే ఉన్నాయన్నట్టు కొందరు ప్రవర్తిస్తారు. వాటిలో ఒకటి స్టీరింగు తిప్పుడును చక్రాలకు చేర్చే టై రాడ్, కొక్కెం లాగుడుకు వంగిపోతుంది. ఇంకొకటి, అంబాసిడర్ ముందు భాగాన్ని మోసే టార్షన్ బార్. మెలితిరగడమే పనిగా ఉన్న ఆ ఉక్కు కడ్డీ ఒంటి మీద గొలుసు గీసిన చిన్న గాటు కూడా రేపు పగులుగా మారగలదు. ఈమధ్య షెడ్డుకు వచ్చిన ఒక బండిని దించగానే స్టీరింగు నిటారుగా ఉన్నా చక్రాలు ఎడమకు చూస్తున్నాయి. కింద దూరి చూస్తే టై రాడ్ మీద గొలుసు లింకుల అచ్చు మెరుస్తూ కనిపించింది. తెచ్చిన రికవరీ వ్యాను అప్పటికే వెళ్లిపోయింది.

ఇంకా పాత బండ్లకు, తీగ చువ్వల చక్రాలకు, కొయ్య చువ్వల చక్రాలకు చువ్వల మధ్య నుంచి బెల్టు దూర్చడం మహాపాపం. అంతకుమించి వాటి గురించి ఇక్కడ చెప్పను. అలాంటి కారు ఉన్నవారు సాధారణంగా మూసిన కంటైనరులోనే పంపుతారు.

బెల్టు కొనేటప్పుడు రంగు, మందం చూసి కొనడం మన అలవాటు. చూడవలసింది దాని మీద కుట్టి ఉండే చీటీ. ఐరోపా ప్రమాణం ప్రకారం చేసిన పాలియెస్టర్ బెల్టుకు నీలం చీటీ ఉంటుంది. దాని మీద ఎంత లాగుడు భరించగలదో డెకాన్యూటన్లలో రాసి ఉంటుంది. ఒక డెకాన్యూటన్ అంటే ఇంచుమించు ఒక కిలో బరువు లాగేంత బలం. యాభై మిల్లీమీటర్ల వెడల్పు బెల్టు మీద సాధారణంగా 2,500 అని ఉంటుంది. అది తెగిపోయే హద్దు కాదు, నిశ్చింతగా వాడుకోదగిన హద్దు. చీటీ లేని బెల్టు ఎంత కొత్తగా మెరిసినా దాని బలం అమ్మినవాడికీ తెలియదు, కొన్నవాడికీ తెలియదు. రాచెట్ ఇరుసు మీద బెల్టు కనీసం చుట్టున్నర పడాలి, మూడు చుట్లకు మించకూడదు. తక్కువైతే జారుతుంది, ఎక్కువైతే పళ్ల మధ్య ఇరుక్కుని విప్పేటప్పుడు ప్రాణం తీస్తుంది. ఇనుప అంచు తగిలే చోట తొడుగు ఉండాలి. పాత ట్యూబు ముక్క అయినా సరే. అంచున కోత పడిన బెల్టును పారేయడానికి మనసు రాదు, ఇంట్లో పంచెలు ఆరేసుకోవడానికి వాడుకోవచ్చు, కారుకు మాత్రం వద్దు.

ఎక్కించే ఘట్టం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మనుషులకు దెబ్బలు తగిలేది ఎక్కువగా అక్కడే. గోదావరి జిల్లాల్లో ఇప్పటికీ డీసీఎం వ్యానునో, ట్రాక్టరు ట్రక్కునో ఒక ఎత్తైన గట్టుకు ఆనించి, రెండు టేకు పలకలు పరిచి, నలుగురు కారును తోసేయడం చూస్తూ ఉంటాం. పలక పై చివర బల్లకు కట్టకపోతే కారు ముందు చక్రం ఎక్కగానే పలక వెనక్కి తన్నుకుపోతుంది. ట్రైలరు అయితే, కారు ఎక్కడం మొదలుపెట్టిన క్షణంలో బరువంతా ట్రైలరు వెనక చివర మీద పడి, ముందున్న లాగే బండి వెనక చక్రాలను పైకి లేపుతుంది. ఆ చక్రాల్లోనే దాని హ్యాండ్ బ్రేకు ఉంది కాబట్టి మొత్తం వరస కదిలిపోగలదు. అందువల్ల ఎక్కించడానికి ముందే లాగే బండి చక్రాలకూ ట్రైలరు చక్రాలకూ ఆపులు వేసి, ట్రైలరు వెనక మూలల కింద జాకీలు పెట్టాలి. వించి కేబులు బిగిసి ఉన్నంతసేపు దాని వరసలో ఎవరూ నిలబడకూడదు. తెగిన ఇనుప తాడు మనిషిని చూసి పక్కకు తప్పుకోదు. అన్నిటికంటే ఘోరమైన అలవాటు, బ్రేకు పట్టుకునేందుకని క్లీనరు కుర్రాణ్ని కారులో కూర్చోబెట్టి హైవే మీద ప్రయాణం చేయించడం. ట్రైలర్ మీది కారులో మనిషి ఉండరాదు. కట్టు సరిగా ఉంటే అతను అక్కరలేదు, సరిగా లేకపోతే అతను ఆపలేడు.

ఈ మధ్య కొందరు ఔత్సాహికులు సొంత ట్రైలరు చేయించుకుని, జీపు వెనకో బొలేరో వెనకో తగిలించుకుని వెళ్తున్నారు. వారు బండి ఎక్కడ నిలపాలన్నది కళ్లతో చూసి నిర్ణయించకూడదు. ట్రైలరు ఇరుసుకు వెనక బరువు ఎక్కువైతే, వేగం పెరిగిన కొద్దీ ట్రైలరు పాములా మెలికలు తిరగడం మొదలుపెడుతుంది, అది లాగే బండిని కూడా రోడ్డు మీద నుంచి ఈడ్చేయగలదు. అమెరికాలో ట్రైలరు మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం, దాన్ని లాగే బండికి తగిలించే కొక్కెం మీద పడాలని లెక్క, ఐరోపా ట్రైలర్లలో ఇంతకంటే తక్కువ. ఏదేమైనా ఆ కొక్కెం మీద ముద్రించిన హద్దు దాటకూడదు. ఇంజను ముందున్న కారును ముందుకు చూసేలా ఎక్కిస్తే ఈ బరువు తేలిగ్గా కుదురుతుంది. ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ వంటి వెనక ఇంజను బండిని అలాగే ఎక్కిస్తే సరిగ్గా ప్రమాదం ఉన్న చోటే బరువు పడుతుంది, దాన్ని వెనుతిప్పి ఎక్కించాలి. ఒకవేళ ట్రైలరు ఊగడం మొదలైతే బ్రేకు తొక్కకుండా, స్టీరింగును ఎదురు తిప్పకుండా, యాక్సిలరేటరు మీంచి కాలు మెల్లగా తీసేయాలి. కొక్కెం ఊడినా ట్రైలరు విడిపోకుండా, కింద ఒకదాన్నొకటి దాటేలా వేసే రెండు గొలుసులు చాలామంది పెట్టుకోవడం లేదు. వాటి ధర కారు ధరలో ఎంత?

గాలి సంగతి చిన్నదే కానీ మరిచిపోతారు. యాభైల నాటి ఫియట్ 1100 ముందు తలుపులకు బందులు వెనక వైపు ఉంటాయి. దారిలో గడియ ఊడితే ఎదురుగాలి తలుపును పెకలించేస్తుంది. అలాంటి కారును ముందుకు చూసేలా ఎక్కించినప్పుడు తలుపులు లోపలి నుంచి తాడుతో కలిపి కట్టాలి. అంబాసిడర్ బానెట్టుకు బందులు అద్దం వైపు ఉన్నాయి కాబట్టి దాని గడియను కూడా ఒకసారి లాగి చూడాలి. దుమ్ము పడుతుందని కవరు తొడిగి తెరిచిన ట్రైలర్ మీద పంపితే, ఆ కవరు దారి పొడవునా కొట్టుకుని రంగును ఉప్పుకాగితంలా రుద్దేస్తుంది. బ్యాటరీ తీగ విప్పడం, ట్యాంకులో పెట్రోలు కొద్దిగానే ఉంచడం, చక్రాల టోపీలు తీసి డిక్కీలో పెట్టడం అందరికీ తెలిసినవే.

బయలుదేరాక పది, ఇరవై కిలోమీటర్లలో తప్పనిసరిగా ఒకసారి ఆగి ప్రతి బెల్టునూ చేత్తో లాగి చూడాలి. మొదట్లోనే టైర్లు, బెల్టులు సర్దుకుని బిగువు తగ్గుతుంది. అమెరికాలో సరుకు లారీలు మొదటి 50 మైళ్లలోపు ఒకసారి, ఆపైన 150 మైళ్లకో మూడు గంటలకో ఒకసారి కట్టు చూసుకోవాలన్న నిబంధనే ఉంది. మనకు అంత లెక్క అక్కరలేదు. 65వ నంబరు జాతీయ రహదారి మీద హైదరాబాదు నుంచి వచ్చేవారికి పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు టోల్ ప్లాజాలు ఉండనే ఉన్నాయి. టోలు దాటాక పక్కకు ఆపి, చుట్టూ ఒక ప్రదక్షిణ చేస్తే చాలు.

డబ్బు విషయంలో పాఠకులకు ఒక చట్టం గుర్తుచేయాలి. రోడ్డు మార్గాన సరుకు మోసే సంస్థల బాధ్యతను 2007 నాటి క్యారేజ్ బై రోడ్ చట్టం నిర్ణయిస్తుంది. పంపేవారు సరుకు విలువ ఎక్కువని ముందే ప్రకటించి, దానికి తగిన అదనపు రేటు ఒప్పుకోకపోతే, నష్టం జరిగినప్పుడు సంస్థ బాధ్యత కిరాయికి పది రెట్ల దగ్గర ఆగిపోతుంది. కిరాయి పన్నెండు వేలు అయితే మీ కారు ఎన్ని లక్షలదైనా దక్కేది లక్షా ఇరవై వేలకు మించదు. సరుకు పుచ్చుకున్న రోజు నుంచి కాక బుక్ చేసిన తేదీ నుంచి 180 రోజుల్లోపు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వకపోతే దావాకే తావుండదు. కాబట్టి విలువ రసీదు మీద రాయించుకోవాలి, దారి ప్రమాదాలకు వేరే బీమా తీసుకోవాలి, ఎక్కించే ముందు కారును నాలుగు వైపులా, అడుగు భాగంతో సహా ఫోటోలు తీసుకోవాలి. రికవరీ వ్యాన్లలో చాలావరకు ఈ రసీదే ఇవ్వవు. ఒక ఫోను నంబరూ, “మాదే పూచీ” అనే మాటా ఇస్తాయి.

రెండు తెలుగు రాష్ట్రాల రవాణా శాఖలకు నా మనవి ఇది. కార్లు మోసే వాహనాలకు ఫిట్‌నెస్ ధ్రువపత్రం ఇచ్చేటప్పుడు వాటి బ్రేకులు, దీపాలు చూసినట్టే, బల్ల మీద కొక్కేలు సరిగా ఉన్నాయా, చీటీ ఉన్న టైరు బెల్టులు కనీసం నాలుగు ఉన్నాయా అని మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్లు చూడాలి. ఇందుకు కొత్త యంత్రాలు అక్కరలేదు, ఐదు నిమిషాల సమయం చాలు. అద్దెకు కార్లు తెప్పించుకునే సినిమా నిర్మాణ సంస్థలు కిరాయి ఒప్పందంలోనే ఈ షరతు పెడితే డ్రైవర్లు రెండు నెలల్లో అలవాటు పడతారు. ఎందుకంటే వారిలో చాలామంది పని రాక కాదు, అడిగేవారు లేక తాడు వాడుతున్నారు. పాత కార్ల సంఘాలు తమ ప్రదర్శనలకు వచ్చే ట్రైలర్లను లోపలికి రానిచ్చే ముందు ఒక సభ్యుణ్ని గేటు దగ్గర నిలబెట్టి కట్లు చూపించుకోవచ్చు. నాలుగు టైరు బెల్టులు, నాలుగు చెక్క ఆపులు, ఒక టార్చిలైటు, బ్రేకు పైపు ఎక్కడుందో తెలిసిన మనిషి ఒకరు: ఈ నాలుగూ లేని వాహనంలోకి మీ కారును ఎక్కించనివ్వకండని యజమానులకు చెబుతున్నాను.

భవదీయుడు,
ఆర్టీసీ విశ్రాంత గ్యారేజీ ఉద్యోగి,
రాజమహేంద్రవరం